మెషిన్ కొనే ముందు పేజీ ఖరీదు లెక్కేయండి

ప్రశ్న: నమస్తే సార్. హనుమకొండ నయీంనగర్‌లో చిన్న కోచింగ్ సెంటర్ నడుపుతున్నాను. గ్రూప్-2, గ్రూప్-4 బ్యాచ్‌లు కలిపి 180 మంది పిల్లలు. వారానికి రెండు టెస్టులు పెడతాం. ఒక్కో పేపర్‌లో 150 ప్రశ్నలు, తెలుగు, ఇంగ్లిష్ రెండింటిలో ఇస్తాం, 16 పేజీలు వస్తుంది. ఇవి కాక నెలకు 12 సార్లు నాలుగేసి పేజీల నోట్స్ ఇస్తాం. రెండు చిన్న లేజర్ ప్రింటర్లు ఉన్నాయి. అవి రెండువైపులా వాటంతటవి కొట్టవు, అందుకని ఒకవైపే తీస్తున్నాం. పేపర్ బండిల్ 260 రూపాయలు, కంపాటిబుల్ కార్ట్రిడ్జ్ 550 పడుతోంది. కార్ట్రిడ్జ్ 2000 పేజీలు వస్తుందని ఇస్తారు, 1400 దాటట్లేదు. రిపేర్లు, ఓఎంఆర్ షీట్లు, పాంప్లెట్లు కలుపుకొని నెలకు 34 వేలు ప్రింటింగ్‌కే పోతోంది. ప్రతి టెస్టుకు పాతిక, ముప్పై పేపర్లు మిగిలిపోతాయి కూడా. ఒక ఏజెంటు లక్షా పాతిక వేలకు సెకండ్ హ్యాండ్ డూప్లికేటర్ ఇప్పిస్తానంటున్నాడు, కాపీ పది పైసలే పడుతుందట. మా ఆవిడేమో ప్రింటింగ్ బంద్ చేసి అన్నీ వాట్సాప్‌లో పీడీఎఫ్ పెట్టేయమంటోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది అంకెలన్నీ విడమరిచి రాయడం. చాలామంది "ఖర్చు ఎక్కువైపోతోంది, కార్ట్రిడ్జ్ చౌకగా ఎక్కడ దొరుకుతుంది" అని అడిగి ఊరుకుంటారు. మీరిచ్చిన అంకెలతో కాసేపు కూర్చుంటే జవాబు సగం అందులోనే దొరుకుతుంది. ఏజెంటుకు ఇంకా అడ్వాన్స్ ఇవ్వకపోతే ఇప్పుడే ఇవ్వకండి. పీడీఎఫ్ గురించి మీ ఆవిడ చెప్పినదాంట్లో కొంత న్యాయం ఉంది, ఆ కొంతే తీసుకుందాం.

ముందు పేజీ ఖరీదు చూద్దాం. బండిల్‌లో 500 షీట్లు, 260 రూపాయలు, అంటే షీటుకు 52 పైసలు. కార్ట్రిడ్జ్ 550 పెడితే 1400 పేజీలు వస్తోంది కాబట్టి టోనర్, అంటే అందులోని నల్ల పొడి, పేజీకి 39 పైసలు. ఒకవైపే కొడుతున్నారు గనక అచ్చయిన ప్రతి పేజీ మీకు 91 పైసలు పడుతోంది. నెలకు ఎనిమిది టెస్టులు, ఒక్కోటి 16 పేజీలు, 180 కాపీలు: మొత్తం 23,040 పేజీలు. నోట్స్ మరో 8,640. రెండూ కలిపితే 31,680 పేజీలు, ఖర్చు 28,800 పైచిలుకు. మిగతా ఐదు వేలు రిపేర్లు, ఓఎంఆర్, పాంప్లెట్లు. మీ 34 వేలు సరిపోయింది.

ఇందులో ఒక సంగతి గమనించండి. టోనర్‌కు పోతున్నది 12 వేల చిల్లర, కాగితానికి పోతున్నది 16 వేల చిల్లర. టెన్షన్ అంతా కార్ట్రిడ్జ్ గురించి పడుతున్నారు, డబ్బు ఎక్కువ పోయేది కాగితం దగ్గర. ఏజెంటు చూపిస్తున్న మెషిన్ కాగితం ఖర్చును ఒక్క పైసా కూడా తగ్గించదు.

పైసా పెట్టుబడి లేకుండా ఆగిపోయే ఖర్చు ఆ మిగిలిపోయే పాతిక, ముప్పై కాపీలు. టెస్టు ముందురోజు సాయంత్రం క్లాసులోనో గ్రూపులోనో "రేపు ఎవరెవరు రాస్తున్నారు" అని చేతులెత్తించండి. దానికి ఐదు కలిపి కొట్టండి. మీ లెక్కను బట్టి 155 కాపీలు చాలు. రానివాళ్లకు టెస్టు అయ్యాక పీడీఎఫ్ పంపొచ్చు. బతుకమ్మ, దసరా రోజుల్లో, సంక్రాంతికి, మేడారం జాతర జరిగే వారంలో హాజరు ఇంకా పడిపోతుంది. ములుగు, భూపాలపల్లి, పరకాల వైపు పిల్లలు ఊళ్లకు పోతారని మీకు తెలుసు, అయినా ప్రింటర్ ముందు కూర్చున్న కుర్రాడు అలవాటుగా 180 అనే కొడతాడు. ఆ సంఖ్య ప్రతిసారీ మీరే రాసివ్వండి.

ఇక రెండువైపులా కొట్టడం. ప్రింటర్‌కు ఆ సౌకర్యం లేదని వదిలేశారు, చేత్తో చేసుకోవచ్చు. ఎక్కువమంది ఇక్కడ చేసే తప్పు ఏమిటంటే, పేపర్ మొత్తం బేసి పేజీలు ఒకసారి, సరి పేజీలు ఒకసారి వరుసగా కొడతారు. మధ్యలో ఒక షీటు ఇరుక్కుందా, లేక రెండు షీట్లు కలిసి పోయాయా, అక్కడి నుంచి మూడో పేజీ వెనక ఆరో పేజీ పడుతుంది. బండిల్ మొత్తం చెత్తబుట్టకే. అలా ఒకసారి నష్టపోయినవాళ్లు మళ్లీ రెండువైపుల జోలికి పోరు.

మీరు ఇలా చేయండి. ప్రింట్ ఇచ్చేచోట కాపీల సంఖ్య దగ్గర ‘కొలేట్’ అనే టిక్ ఉంటుంది, దాన్ని తీసేయండి. మొదటి పేజీ ఒక్కటే 155 కాపీలు కొట్టండి. చిన్న ప్రింటర్ల ట్రేలో 150 షీట్లకు మించి పట్టవు కాబట్టి రెండు విడతలుగా కొట్టండి. వచ్చిన దొంతరను పది, పదిహేను నిమిషాలు బల్ల మీద చల్లారనివ్వండి. వేడి మీదున్న కాగితం వంపు తిరిగి ఉంటుంది, వెంటనే పెడితే తప్పకుండా ఇరుక్కుంటుంది. తర్వాత దొంతరను తిప్పి పెట్టి రెండో పేజీ కొట్టండి. అన్నింటి వెనకా పడేది అదే రెండో పేజీ కాబట్టి మధ్యలో ఒక షీటు ఇరుక్కున్నా, ఆ ఒక్క షీటే పోతుంది, వరుస చెడదు. ఏ వైపు తిప్పి పెట్టాలో ప్రతి ప్రింటర్‌కూ వేరుగా ఉంటుంది. ఒక తెల్ల షీటు పై అంచున పెన్సిల్‌తో బాణం గీసి లోపలికి పంపి చూడండి, అచ్చు ఎటువైపు పడిందో, తల ఎటు వచ్చిందో తెలిసిపోతుంది. అది ఒక చీటీ మీద రాసి ప్రింటర్‌కే అంటించండి, కుర్రాడు మారినా పని ఆగదు. ఆఖరున షీట్లను వరుసగా బెంచీ మీద దొంతరలు పేర్చి, ఒక్కో దాంట్లోంచి ఒక్కోటి తీసుకుంటూ పిన్ను కొట్టడమే. ఇద్దరు కూర్చుంటే గంట పని.

ఈ ఒక్క మార్పుతో కాగితం సగమవుతుంది.

తర్వాత పేపర్ పేజీల సంఖ్య. 150 ప్రశ్నలకు 16 పేజీలు ఎందుకైందో మీ ఫైల్ చూడకుండానే కొంత ఊహించగలను. నాలుగు ఆప్షన్లు నాలుగు వరుసల్లో ఉండి ఉంటాయి. "కాకతీయులు, శాతవాహనులు, కుతుబ్‌షాహీలు, అసఫ్‌జాహీలు" అనే నాలుగు మాటలకు నాలుగు వరుసలు అక్కర్లేదు, పేజీని రెండు కాలమ్‌లు చేశాక కూడా రెండు వరుసల్లో ఇముడుతాయి. ఆప్షన్ల మధ్య స్పేస్ బార్ కొట్టకుండా ట్యాబ్ పెట్టుకుంటే వరుసగా కుదురుతాయి. వర్డ్‌లో గౌతమి ఫాంట్ వాడుతుంటే ఇంకో సంగతి ఉంది: ఆ ఫాంట్ వరుసకూ వరుసకూ మధ్య చాలా ఖాళీ వదులుతుంది. పేరాగ్రాఫ్ సెట్టింగ్‌లో లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్‌లీ’ అని పెట్టి పాయింట్లు మీరే ఇవ్వండి. మరీ బిగిస్తే తెలుగుకు కిందున్న వత్తులు తెగిపోతాయి. అందుకని ‘స్వాతంత్ర్యం’, ‘రాష్ట్ర’ లాంటి మాటలున్న వరుసలు రెండు కొట్టి చూసుకుని, వత్తు పూర్తిగా కనిపించే చోట ఆపండి. అంచులు అరంగుళం చాలు. అక్షరం సైజు మాత్రం 11 కంటే తగ్గించకండి. హాస్టల్ గదిలో ట్యూబ్‌లైట్ కింద రాత్రి పదింటికి ఆ పేపర్ మళ్లీ ముందేసుకునే పిల్లల కళ్లు ముఖ్యం, అక్కడ మిగిలే పావలా మనకొద్దు. ఇవన్నీ చేస్తే 16 పేజీలు 12కు వస్తాయి.

దీనికంటే పెద్దది ఇంకోటి ఉంది. మీ పిల్లల్లో తెలుగు మీడియం ఎందరు, ఇంగ్లిష్ మీడియం ఎందరు? మాట వరసకు 120 మంది తెలుగు, 35 మంది ఇంగ్లిష్ అనుకుందాం. ప్రతి వారం ప్రతి ఒక్కరికీ రెండు భాషల పేపర్ ఇవ్వాలా? అసలు పరీక్షలో రెండూ పక్కపక్కన ఉంటాయి, వాటిని కలిపి చదువుకోవడం కూడా ఒక సాధనే, కాదనను. అందుకే నెలకు రెండు గ్రాండ్ టెస్టులు అచ్చం అసలు పేపర్ లాగే రెండు భాషల్లో పెట్టండి. మిగతా ఆరింటికి ఎవరి మీడియం పేపర్ వాళ్లకు ఇవ్వండి. అర్థశాస్త్రం, పాలిటీలో కష్టమైన పదాలకు మాత్రం పక్కన రెండో భాష మాట కూడా వేయండి. ఒక్క భాషలో అయితే 150 ప్రశ్నలు ఎనిమిది పేజీల్లో సరిపోతాయి. ఎనిమిది పేజీలంటే రెండువైపులా కొడితే నాలుగే షీట్లు. ఇవాళ ఒక్కో పిల్లాడి చేతిలో 16 షీట్లు పెడుతున్నారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పేజీలు 16 నుంచి 12 చేసినంత మాత్రాన టోనర్ తగ్గదు. అక్షరాలు అవే, అంత పొడీ పడాల్సిందే, తగ్గేది కాగితం ఒక్కటే. ఒక భాష తీసేసినప్పుడు మాత్రం అక్షరాలే సగమవుతాయి కాబట్టి కాగితంతో పాటు టోనర్ కూడా నిజంగా తగ్గుతుంది. అందుకే మీడియం మార్పును పెద్దదని అన్నాను.

మీ కార్ట్రిడ్జ్ 1400 దగ్గర ఆగిపోవడానికీ కారణం ఇదే. కార్ట్రిడ్జ్ మీద రాసే పేజీల సంఖ్యను ఐఎస్ఓ/ఐఈసీ 19752 అనే ప్రమాణం ప్రకారం లెక్కేస్తారు. అందులో వాడే నమూనా పేజీలో నలుపు పడేది రమారమి 5 శాతమే, అంటే ఒక మామూలు ఆఫీసు ఉత్తరమంత. అందరికీ తెలిసిన హెచ్‌పీ 12ఏ కార్ట్రిడ్జ్‌కు 2000 పేజీలని చెప్పేది ఆ లెక్కనే. మీ ప్రశ్నపత్రం పేజీ పై నుంచి కింది దాకా నిండి ఉంటుంది. కాబట్టి 1400 రావడంలో మోసమేమీ లేదు, షాపతనితో గొడవ పడకండి. అయితే ఒకే రకం పేపర్‌కు ఒక కార్ట్రిడ్జ్ 1400, ఇంకోటి 900 ఇస్తే అప్పుడు అడగండి. దానికోసం ప్రతి కార్ట్రిడ్జ్ మీద మార్కర్‌తో పెట్టిన తేదీ రాసి, కొట్టిన పేజీల లెక్క ఒక నోట్‌బుక్‌లో పెట్టండి.

రీఫిల్ చేయిస్తే ఇంకా తక్కువ పడుతుంది, నిజమే. కాకపోతే ఈ రకం కార్ట్రిడ్జ్‌లో టోనర్ పొడితో పాటు డ్రమ్ము, అంటే ఆ పొడిని అక్షరాలుగా కాగితం మీదికి దించే గొట్టం, కూడా అందులోనే ఉంటుంది. పొడి మళ్లీ నింపొచ్చు గానీ డ్రమ్ము అరుగుతూనే ఉంటుంది. పైనుంచి కిందికి ఒకే మచ్చ రమారమి ఏడున్నర సెంటీమీటర్లకొకటి పడుతుంటే 12ఏ రకంలో అది డ్రమ్ము దెబ్బతిన్న గుర్తు, ఎన్నిసార్లు నింపించినా పోదు. రీఫిల్ చేసే మనిషి వాడేసిన పొడి చేరే అర ఖాళీ చేస్తున్నాడో లేదో పక్కన నిలబడి చూడండి. అది ఖాళీ చేయకుండా పైన కొత్త పొడి పోస్తే పేపర్ మీద నల్లగా రాలుతుంది, ప్రింటర్ లోపలంతా మురికి పట్టి రిపేర్ బిల్లు దాంతోనే మొదలవుతుంది.

ఇప్పుడు డూప్లికేటర్ సంగతి. ఏజెంటు చెప్పిన పది పైసలు అబద్ధం కాకపోవచ్చు, కానీ అది సగం లెక్క. డూప్లికేటర్‌లో ప్రతి పేజీకి ముందుగా ఒక మాస్టర్ తయారవుతుంది, అంటే సన్నని పొరలాంటి స్టెన్సిల్. అది డ్రమ్ముకు చుట్టుకుని, దాని రంధ్రాల్లోంచి ఇంకు కాగితం మీద పడుతుంది. పాతకాలం సైక్లోస్టైల్ పద్ధతే, యంత్రం కొత్తది. పేజీ మారితే మాస్టర్ మారాలి. మాస్టర్ రోల్ ధర ఎంత, దాంట్లో ఎన్ని మాస్టర్లు వస్తాయి అని ఏజెంటును అడగండి. ఒక్కో మాస్టర్ 25 రూపాయలు పడిందనుకుందాం. 500 కాపీలు కొడితే పేజీకి 15 పైసలు, చాలా చవక. 180 కాపీల నోట్స్‌కు 24 పైసలు. 120 కాపీల తెలుగు పేపర్‌కు 31 పైసలు. 35 కాపీల ఇంగ్లిష్ పేపర్‌కు 81 పైసలు, అది మీ లేజర్ కంటే రెట్టింపు. పైగా ఇవన్నీ ఇంకు, మాస్టర్ లెక్కే, కాగితం ఖర్చు వేరే.

మీ పని మొత్తానికి ఈ లెక్క వేస్తే డూప్లికేటర్ వల్ల నెలకు రెండున్నర, మూడు వేలకు మించి మిగలదు. లక్షా పాతిక వేలు తిరిగి రావడానికి దగ్గరదగ్గర నాలుగేళ్లు పడుతుంది, అదీ మధ్యలో ఒక్క రిపేర్ కూడా రాకపోతే. నోటిఫికేషన్లను నమ్ముకుని నడిచే కోచింగ్ వ్యాపారంలో నాలుగేళ్ల తర్వాత బ్యాచ్ ఎంత ఉంటుందో ఎవరు చెప్పగలరు? ఐదారు వందల మంది పిల్లలుండి, అందరికీ ఒకే పేపర్ ఇచ్చే పెద్ద సంస్థకు అది మంచి యంత్రం. మీకు ఇప్పుడు కాదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆ ఇంకు మెల్లగా ఆరుతుంది, ఒకవైపు ఆరకముందే రెండోవైపు కొడితే అంటుకుంటుంది. టెస్టు రోజు పొద్దున హడావిడిలో అది కుదరదు.

ఇన్ని పేజీలకు మీ చిన్న ప్రింటర్లు తగినవేనా అంటే, తగినవి కావు. నెలకు కొన్ని వేల పేజీల కోసం చేసిన వాటితో ముప్పై వేలు కొట్టిస్తున్నారు, రిపేర్లు అందుకే వస్తున్నాయి. నేను చెప్పేది కాపియర్ అద్దెకు తీసుకోమని. రెండువైపులా దానంతటదే కొట్టే పెద్ద మెషిన్‌ను మీ దగ్గర పెట్టి, టోనర్, సర్వీస్ వాళ్లే చూసుకుని, మీటర్ రీడింగ్ ప్రకారం పేజీకి ఇంత అని తీసుకునేవాళ్లు ఉంటారు. కాగితం మీదే. ధర ఒకరినే అడిగి ఒప్పుకోకండి, ముగ్గురిని అడగండి. పేజీకి 40 పైసల లోపు కుదిరితే మీకు లాభమే.

అగ్రిమెంట్ మీద సంతకం పెట్టే ముందు కొన్ని తేల్చుకోవాలి. నెలకు కనీసం ఇన్ని పేజీలని పెట్టారా? సెలవుల నెలలో మీరు ఐదు వేలే కొడితే ఎంత కట్టాలి? ఖాళీ పేజీ వెళ్లినా మీటర్ తిరుగుతుందా? పేజీలో నలుపు ఇంత శాతం దాటితే అదనం అనే షరతు ఎక్కడైనా చిన్న అక్షరాల్లో ఉందా? ఇది ముఖ్యం. పేజీ లెక్కన కట్టేటప్పుడు కిక్కిరిసిన పేజీ మీకు లాభం, వాళ్లకు నష్టం, కాబట్టి కొందరు ఆ షరతు పెడతారు. మీ ప్రశ్నపత్రం ఒకటి చూపించి, "ఇలాంటి పేజీలే కొడతాం" అని ముందే చెప్పి అగ్రిమెంట్‌లో రాయించండి. అన్నింటికంటే పెద్ద ప్రశ్న: మెషిన్ ఆగితే సర్వీస్ మనిషి వరంగల్‌లోనే ఉన్నాడా, హైదరాబాద్ నుంచి రావాలా? ఆదివారం టెస్టు పెట్టుకుని శనివారం రాత్రి మెషిన్ ఆగితే సోమవారం వచ్చే మనిషితో మీకు పనిలేదు. మీ పాత ప్రింటర్లు రెండూ అమ్మకుండా ఉంచుకోండి, ఇలాంటి రాత్రికి, 35 కాపీల చిన్న పనులకు అవే ఆదుకుంటాయి. పెద్ద మెషిన్‌ను గానీ లేజర్ ప్రింటర్‌ను గానీ ఇంట్లో వాడే ఇన్వర్టర్‌కు కలపొద్దు. లోపల హీటర్ ఉంటుంది, ఒక్కసారిగా కరెంటు చాలా లాగుతుంది.

ఇప్పుడు మొత్తం లెక్క మళ్లీ చూడండి. ఆరు టెస్టులు ఎనిమిదేసి పేజీలు, రెండు గ్రాండ్ టెస్టులు 12 పేజీలు, 155 కాపీల చొప్పున, నోట్స్ ఎప్పట్లాగే: 19,800 పేజీలు, రెండువైపులా కాబట్టి 9,900 షీట్లు. కాగితం 5,150 రూపాయలు. మీ పాత ప్రింటర్లతోనే కొట్టినా టోనర్ 8,200 చుట్టూ ఉంటుంది (12కు కుదించిన గ్రాండ్ టెస్టుకు 16 పేజీల పొడే లెక్కేశాను). అద్దె మెషిన్ 40 పైసలకైతే 7,920. ఎటు చూసినా 13 వేల చిల్లర, 28,800 ఉన్నచోట. మెషిన్ అద్దెకు తేవడం వల్ల మిగిలేది తక్కువే, దానివల్ల పోయేది రాత్రిళ్లు ప్రింటర్ ముందు కాపలా కూర్చునే బాధ. కాబట్టి ముందు ఒక నెల పాత ప్రింటర్లతోనే ఈ మార్పులు చేసి చూడండి. మీ అసలు పేజీల సంఖ్య తేలాక అద్దెవాళ్లతో మాట్లాడితే బేరం మీ చేతిలో ఉంటుంది.

మీ ఆవిడ చెప్పిన పీడీఎఫ్ మాటకు వస్తాను. కరెంట్ అఫైర్స్, జవాబుల వివరణలు, సిలబస్, టైంటేబుల్, ఇవన్నీ నిరభ్యంతరంగా ఫోన్‌లో పంపండి. కరెంట్ అఫైర్స్ అయితే కాగితం కంటే ఫోన్‌లోనే మేలు, వారానికే పాతబడతాయి. టెస్టు పేపర్ మాత్రం కాగితం మీదే ఉండాలి. గ్రూప్-2, గ్రూప్-4 రాసేది కాగితం మీద, ఓఎంఆర్‌లో గుండ్రాలు దిద్దుతూ. రెండున్నర గంటలు పేజీలు తిప్పుతూ, వదిలేసిన ప్రశ్నకు మళ్లీ వెనక్కి వచ్చి, టైం చూసుకుంటూ రాయడం ఫోన్‌లో అలవాటు కాదు. నోట్స్ కూడా పూర్తిగా పీడీఎఫ్ చేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. పిల్లలు కేయూ క్రాస్ రోడ్డు దగ్గరో ఇంకెక్కడో జిరాక్స్ షాపుకు పోయి ఒక్కో కాపీ రేటుకు తీయించుకుంటారు. మీకు తగ్గిన ఖర్చు రెట్టింపై వాళ్ల మీద పడుతుంది. గది అద్దె, మెస్ బిల్లు కట్టుకుంటూ, ఇంటి దగ్గర పత్తి అమ్మిన డబ్బుల్లోంచి ఫీజు తెచ్చి కట్టిన పిల్లల మీద ఆ భారం వేయడం నాకు ఇష్టం లేదు. మీకూ ఇష్టం ఉండదనే అనుకుంటాను, లేకపోతే ఇన్నాళ్లు 34 వేలు భరించేవారు కాదు.

ఓఎంఆర్ షీట్లు బయట కొంటున్నట్టున్నారు. సాధన టెస్టులకు మీరే ఒక నమూనా చేసి, ఏ4 షీటుకు రెండు వచ్చేలా కొట్టి మధ్యకు కోయించుకోవచ్చు. గ్రాండ్ టెస్టులకు మాత్రం అసలు సైజులోనే ఇవ్వండి.

నోట్స్‌లో ఏడాదికేడాది మారనివి వేరు చేయండి. శాతవాహనుల నుంచి అసఫ్‌జాహీల దాకా చరిత్ర, 1969 ఉద్యమం, రాజ్యాంగంలో మౌలిక భాగాలు, భౌగోళికం. ఇవి ప్రతి బ్యాచ్‌కూ మళ్లీ కొట్టడం దండగ. ఏడాదికి సరిపడా 500 కాపీలు పుస్తకంగా ఆఫ్‌సెట్‌లో వేయించండి. ఆఫ్‌సెట్‌లో ఖర్చంతా ప్లేట్లు, మెషిన్ సర్దడం దగ్గర ఉంటుంది, కాపీలు పెరిగే కొద్దీ ఒక్కోటి చవకవుతుంది. 50 కాపీలకు ప్రెస్సుకు పోవడం తెలివితక్కువ, 500కు పోకపోవడం కూడా అంతే. పేజీలు ఫారాల లెక్కన పెట్టుకోండి, ఫారం అంటే ఒకే పెద్ద షీటు మీద అచ్చయి మడత పెట్టే పేజీల కట్ట. 16 పేజీల ఫారం అయితే 128 పేజీలంటే సరిగ్గా ఎనిమిది ఫారాలు. 131 పేజీలు తీసుకుపోతే ఆ మూడు పేజీల కోసం ఇంకో ప్లేటు, ఇంకో ముక్క ఫారం ఖర్చు పడుతుంది. మూడు పేజీలు ఎక్కడో ఒకచోట కుదించి 128కి తెచ్చుకోండి. మారే విషయాలు మాత్రం పుస్తకంలో పెట్టకండి. 2016లో 31 జిల్లాలు, 2019 ఫిబ్రవరికి 33. మన వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ జిల్లా అయింది. 2024లో టీఎస్‌పీఎస్సీ కాస్తా టీజీపీఎస్సీ అయింది. జిల్లాలు, పథకాలు, బడ్జెట్ అంకెలు విడి షీట్లుగానే ఇవ్వండి, లేకపోతే రెండు వందల పుస్తకాలు అటక మీదే ఉండిపోతాయి.

కాగితం కొనేటప్పుడు ఒక్క పరీక్ష చేయండి. ఏ4 షీటు దాదాపు చదరపు మీటరులో పదహారో వంతు. కాబట్టి 75 జీఎస్ఎం (చదరపు మీటరుకు 75 గ్రాములు) అని రాసిన 500 షీట్ల బండిల్ రెండు కిలోల 340 గ్రాముల చుట్టూ తూగాలి. 70 జీఎస్ఎం అయితే రెండు కిలోల 180 గ్రాములు. పక్కనున్న కిరాణా షాపు కాటా మీద పెట్టి చూడండి. 75 అని రాసి 70 లెక్కకు తూగితే కాగితం పలచనిదన్నా అయి ఉండాలి, షీట్లు తక్కువన్నా అయి ఉండాలి. కాగజ్‌నగర్, సారపాక మిల్లులు మనకు దగ్గరే అయినా షాపులో ధర దాన్ని బట్టి ఉండదు, కాబట్టి ఊరి పేరు చూసి కాక బరువు చూసి కొనండి. రెండువైపులా కొట్టడానికి 75 తీసుకోండి, మరీ పలచనైతే వెనక అక్షరాలు ఇటు కనిపిస్తాయి. పెట్టె లెక్కన కొంటే కొంత తగ్గిస్తారు. వానాకాలంలో మాత్రం విప్పిన బండిల్ బయట పెట్టొద్దు. తేమ పట్టిన కాగితం మెత్తబడి రెండేసి షీట్లు లాగుతుంది, ఇరుక్కోవడాల్లో చాలావరకు అప్పుడే వస్తాయి. నేల మీద కాకుండా చెక్క మీద పెట్టండి.

ఆఖరుగా పుస్తకాలు, పాంప్లెట్లు వేయించే సమయం. మాఘం, ఫాల్గుణం, వైశాఖంలో ప్రెస్సులన్నీ పెళ్లి కార్డులతో నిండి ఉంటాయి. డిసెంబరు వచ్చిందంటే క్యాలెండర్లు, ఎన్నికలొస్తే మన పని ముట్టుకునేవాళ్లే ఉండరు. ఆషాఢంలో ముహూర్తాలుండవు, ప్రెస్సులో మెషిన్లు ఖాళీగా ఉంటాయి. మీ పుస్తకం, ఏడాదికి సరిపడా పాంప్లెట్లు ఆ నెలలో పట్టుకెళ్లి బేరమాడండి. పాంప్లెట్ నాలుగు రంగుల్లో ఉండాలనేమీ లేదు, లేత పసుపు కాగితం మీద ఒక్క నలుపుతో వేసినా ఫలితాలు, ఫీజు, బ్యాచ్ తేదీ స్పష్టంగా ఉంటే చాలు. బ్యాచ్ తేదీ మారే అవకాశముంటే అక్కడ ఖాళీ వదిలి రబ్బరు స్టాంపు వేసుకోండి. ప్రూఫ్‌ను ఫోన్‌లో చూసి ఓకే చెప్పకండి, కాగితం మీద తీయించుకుని ఇద్దరు చదవండి. ప్రూఫ్‌లో ఉన్న ఫోన్ నంబరు చూస్తూ డయల్ చేయండి. మీ ఫోన్ మోగాకే అచ్చుకు సరేననండి.